ఇల్యాస్ బాబాయి పోయిన ఏడు

ఫిబ్రవరి 12, 1984. ఆదివారం

నాకెవడో జర్మన్ కుర్రాడు ఉన్నాడని మా ఇంట్లో తీర్మానించేశారు. తీర్పు అయిపోయింది, విచారణే మిగిలింది. చీకటి పడ్డాక ఇంటికొస్తున్నానట. వచ్చీ రాగానే తలుపేసుకుంటున్నానట. అద్దం ముందు నిలబడటం కూడా తగ్గించేశానట. ఈ చివరిది అమ్మ పట్టుకున్న సాక్ష్యం. "చూసేవాడు దొరికాక అద్దంతో పనేముంది?" అంది, గరిటెతో ఉప్పు చూస్తూ, నా మొహం చూడకుండా.

లైబ్రరీలో వెచ్చగా ఉంటుందని, అక్కడ ఎవరూ నన్ను కాగితాలు చదివి పెట్టమని అడగరని చెబితే నమ్మరు. కుర్రాడే ఉంటే పాత గనుల పుస్తకాల మధ్య ఆ దుమ్ములో ఎందుకు కూర్చుంటాను? నాతో చదివే ఫోల్కర్ అప్పుడప్పుడూ తన సైకిల్ ఇస్తాడు, అంతే. అతని గురించి రాయాల్సిందేమీ లేదు.

నాన్న బాధ వేరు. వాళ్లను చూసి నేను సిగ్గుపడుతున్నానని ఆయన అనుమానం. యూనివర్సిటీలో చేరిన రోజు నుంచీ ఒకటే పాట: "చరిత్ర చదివి ఎవడికి వైద్యం చేస్తావమ్మాయ్?"

నాకు కోపం లేదు.

ఫిబ్రవరి 15

ఈరోజు నాన్న సర్కారు ఆఫీసుకు వెళ్లాడు, నన్ను తీసుకెళ్లకుండా.

ఫిబ్రవరి 16

నిన్న ఒక్క ముక్క రాసి ఆపేశాను. ఇవాళ కూడా అదే మెదడులో తిరుగుతోంది.

నన్ను ఊళ్లో తాతయ్య దగ్గర వదిలి అమ్మానాన్న ముందే ఈ డూయిస్‌బుర్గ్‌కి వచ్చారు, నాకు తొమ్మిదేళ్లప్పుడు నన్నూ తెచ్చారు. ఆరు నెలల్లో జర్మన్ పట్టేశాను. అప్పటి నుంచీ ఈ ఇంటికి నోరు నేనే. గని ఆఫీసు, అద్దె ఇల్లు, చెల్లెలు ఫిదాన్ బడి, అన్నిచోట్లా నాన్న టోపీ చేతిలో పట్టుకుని నా పక్కన నిలబడేవాడు, నేను మాట్లాడేదాన్ని. అమ్మ కడుపులో గడ్డ ఉందని డాక్టరు చెబితే, ఆ మాట అమ్మకు చెప్పింది పదకొండేళ్ల నేనే. ఇన్నేళ్లలో నేను లేకుండా నాన్న ఏ ఆఫీసు మెట్టూ ఎక్కలేదు.

నిన్న దుకాణం రిఫత్ మామ కారులో వెళ్లాడు. ఆయనకూ జర్మన్ వచ్చు.

"నీ చదువు పాడవుతుందనే పిలవలేదు" అన్నాడు. పరీక్షల రోజుల్లో పాడవని చదువు, యూనివర్సిటీ సెలవుల్లో పాడవుతుందా?

ఫిబ్రవరి 26

వీధంతా ఒకటే మాట. పో-డబ్బు. సొంత దేశానికి తిరిగి వెళ్లిపోయే పనివాళ్లకి సర్కారు డబ్బిస్తానంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు కసాయి కొట్టు ముందు నిలబడితే అదే లెక్క: మనిషికి పదివేల అయిదు వందల మార్కులు, పిల్లకు కొంత, కట్టిన పింఛను సొమ్ములో మన వాటా వెనక్కి. గని వారంలో సగం రోజులే నడుస్తోంది కాబట్టి నాన్నలాంటి వాళ్లు అడగొచ్చు. జూన్ ఆఖరులోపు అడగాలి, సెప్టెంబరు ఆఖరులోపు ఖాళీ చేయాలి.

ఇల్లంతా కలిసి వెళ్లాలి. పద్దెనిమిది నిండని పిల్ల ఒక్కతి ఇక్కడ మిగిలినా ఎవరికీ ఏమీ రాదు.

"మర్యాదగా తరిమేస్తున్నార్రా, టిప్పు కూడా ఇచ్చి" అన్నాడు కసాయి బహత్తిన్. అందరూ నవ్వారు. నాన్న మాత్రం మాంసం పొట్లం వైపు చూస్తూ నిలబడ్డాడట. ఇది ఫిదాన్ చెప్పింది. దానికి పన్నెండేళ్లు. దాని దృష్టిలో ఇది మా ఊరి వైపు నల్లసముద్రం ఒడ్డున దొరికే పొడుగాటి వేసవి సెలవు.

మార్చి 11

భోజనాల దగ్గర నాన్న అడిగాడు: "నీకు పద్దెనిమిది ఎప్పుడొస్తాయమ్మాయ్?"

"కాగితంలోనా, నిజంగానా?"

"కాగితంలో."

"అక్టోబరు ఒకటిన."

ఆయన తింటూనే ఉన్నాడు. అడగకుండానే అమ్మ ఆయన పళ్లెంలో ఇంకో మొక్కజొన్న రొట్టె వేసింది. మా అమ్మ అడగకుండా రెండో రొట్టె వేసిందంటే, ఇద్దరూ ముందే ఏదో మాట్లాడుకున్నారన్నమాట.

మా ఇంట్లో ఎవరూ ఏనాడూ నా వయసు అంకెలో చెప్పలేదు. "ఇల్యాస్ పోయిన ఏడు పుట్టింది" అంటారు. నాన్న తమ్ముడు ఇల్యాస్ బాబాయి జొంగుల్దాక్ గనిలో పోయాడు. ఆయన్ని ఊరికి తెచ్చిన వారంలోనే నేను పుట్టాను. ఇంట్లో శవం, బయట మంచు, ఆడపిల్ల. రిజిస్ట్రీకి వెళ్లి పేరు రాయించాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? రెండేళ్లు దాటాక తాతయ్య కంచరగాడిదను అమ్ముకోవడానికి దగ్గరి పట్నం దెవ్రెక్ వెళ్లి, పనిలో పనిగా నన్నూ రాయించి వచ్చాడు. ఆయన బజారుకు వెళ్లిన రోజే నా పుట్టినరోజయింది. మా వైపు ఆడపిల్లల్లో సగం మందికి ఇదే కథ.

ఊళ్లో మూడో క్లాసు అయ్యాకే వచ్చాను కాబట్టి ఇక్కడ బడిలో నా క్లాసు నాకిచ్చారు. అందుకే యూనివర్సిటీలో అందరికీ నేను పదిహేడేళ్ల అద్భుతాన్ని. ప్రొఫెసర్ కనుబొమలు ఎగరేస్తాడు. నేను నవ్వి ఊరుకుంటాను. నాకు ఇరవై.

ఫిదాన్ ఇక్కడే ఆసుపత్రిలో పుట్టింది. దాని కాగితంలో గంట, నిమిషం కూడా ఉన్నాయి.

మార్చి 12

నాన్నకు కావలసింది పదిహేడేళ్ల కూతురు. ఇరవై ఏళ్లదైతే తన దారి తాను చూసుకోవచ్చు, ఇక్కడే ఉండిపోవచ్చు. పదిహేడేళ్లదాన్ని సామానుతో పాటు లారీలో వేసుకోవచ్చు.

ఇలా రాయడం అన్యాయమేమో. రాశాను కదా, ఉండనీ.

ఏప్రిల్ 8

పక్కింటి షిమానియాక్ మామ్మ పెరట్లో ముల్లంగి విత్తనాలు చల్లుతుంటే సాయం చేశాను. ఎదురుగా రిఫత్ మామ లారీ నిలబడి ఉంది. ఊరికి వెళ్లిపోతున్న అర్జుమెంత్ పిన్ని వాళ్ల ఫ్రిజ్‌ను తాళ్లతో కడుతున్నారు. దుకాణం రిఫత్ మామది, అనువాదం ఆయనది, లారీ ఆయనది. వెళ్లమని చెప్పేదీ ఆయనే, తీసుకెళ్లేదీ ఆయనే.

మామ్మ నడుం పట్టుకుని నిలబడి చాలాసేపు చూసింది.

"ఏం కడుతున్నారు, పరుపులా?"

"ఫ్రిజ్."

"మావాళ్లు పరుపులు కట్టారు."

ఆమె పోలిష్ అని నాకు తెలుసు. ఈ వీధిలో సగం తలుపు గంటల మీద అలాంటి పేర్లే. కానీ వాళ్లంతా ఇక్కడే పుట్టిపెరిగారనుకునేదాన్ని. వాళ్ల తాతలు గని కోసం వచ్చారట. మొదటి యుద్ధం అయ్యాక వాళ్లకో దేశం ఏర్పడింది. మీ దేశం వచ్చింది కదా, వెళ్లండి అన్నారు. కొందరు వెళ్లారు. మామ్మ నాన్న మొండికేశాడు. వాళ్ల బాబాయి మాత్రం అటూ కాదు ఇటూ కాదని ఫ్రాన్స్ గనుల్లోకి పోయాడు.

"అక్కడ పదేళ్లు బొగ్గు తవ్వాడు. తర్వాత అక్కడా పని పడిపోయింది. రైలెక్కించారు. టికెట్టు వాళ్లదే, ఎంత మంచివాళ్లో! మా చెల్లెళ్లు, అంటే బాబాయి కూతుళ్లు, ఎన్నడూ చూడని దేశానికి దిగారు. పోలిష్ మాట్లాడితే అక్కడి పిల్లలు నవ్వేవాళ్లట."

"అందరూ నవ్వుతూనే ఉంటారు" అన్నాను.

"ఒకటి చెప్పనా పిల్లా? బొగ్గుకి గిరాకీ తగ్గినప్పుడల్లా, మనకి మన ఊరి మీద బెంగ ఉందని వీళ్లకి గుర్తొస్తుంది."

ఆమె నవ్వి మళ్లీ వంగింది. చనువుగా అందో, హెచ్చరించిందో తేల్చుకోలేకపోయాను. మా ఇల్లు ఖాళీ అయితే ఆమె మనవడు అందులోకి దిగుతాడని వీధిలో అనుకుంటున్నారు. అయినా ఉండమన్నట్టే మాట్లాడింది. ఎందుకు?

ఏప్రిల్ 9

లైబ్రరీలో వెతికాను. మామ్మ చెప్పినదంతా పుస్తకాల్లో ఉంది. పరుపుల సంగతి మాత్రం లేదు.

మే 6

అమ్మ బీరువా మీది అట్టపెట్టె దించింది.

అందులో నడుము సన్నని టీ గ్లాసులు, బంగారు అంచువి. ఇక్కడికొచ్చిన కొత్తలో కొన్నవి. "ఇల్లు కట్టాక" అని ఎత్తిపెట్టింది. దెవ్రెక్‌లో ఇల్లు మొదలైంది, గోడల దగ్గర ఆగింది. గ్లాసులు మాత్రం బీరువా మీదే ఉండిపోయాయి. ఈద్‌కి కూడా ఎప్పుడూ తీయలేదు. ఇక్కడ మేమెప్పుడూ మందపాటి గాజు గ్లాసుల్లోనే తాగాం.

ఇవాళ ఒక్కొక్కటీ కడిగి, తుడిచి, పాత కాగితాలు పారేసి కొత్త కాగితాల్లో చుట్టింది.

"ఎందుకమ్మా?"

"దుమ్ము."

"మూత ఉన్న పెట్టెలోకి దుమ్మా?"

"నీలాంటి కూతురున్న ఇంట్లో మూత పెట్టినా దుమ్మే." గ్లాసు వెలుగుకి ఎత్తి చూసింది. "ఆ సైకిల్ ఎవడిదో చెప్పు ముందు, తర్వాత నా గ్లాసుల సంగతి అడుగు."

మాట మార్చడం మా అమ్మ దగ్గర నేర్చుకోవాలి.

మే 7

బాత్రూంకీ వంటింటికీ మధ్య గోడ పలచన. నేను వినాలని నిలబడలేదు.

నాన్న: "చెబుదామా?"

అమ్మ: "అన్నీ అయ్యాక. ముందే చెప్తే ఇల్లు పీకి పందిరేస్తుంది."

నాన్న: "రిఫత్ కూడా అదే అన్నాడు."

ఇక అనుమానం అనే మాట వాడక్కర్లేదు. నాకు కోపం లేదు.

మే 20

వారం రోజులుగా ఇంట్లో నేను ఎవరికీ ఏదీ అనువదించడం లేదు. గని నుంచి కాగితం వస్తే బల్ల మీదే ఉంది. నాన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. రిఫత్ మామ దుకాణం ఆదివారం కూడా తెరిచే ఉంటుంది కదా.

జూన్ 3

ఉపవాసాలు మొదలయ్యాయి. జూన్‌లో ఇక్కడ సూర్యుడు దిగడానికి ససేమిరా అంటాడు. నాన్న నీళ్లు కూడా ముట్టకుండా గనిలోకి దిగుతున్నాడు. అందరికీ విసుగే. అందుకే ఎవరూ పోట్లాడటం లేదు, ఓపిక లేదు.

జూన్ 21

చెప్పేశాడు. చెప్పాలని చెప్పలేదు, తప్పక చెప్పాడు.

పదహారు దాటిన పిల్లలు ఆఫీసుకు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలట. రిఫత్ మామేమో ఇంకెవరి సామానుతోనో ఎక్కడో యుగోస్లావియా రోడ్డు మీద ఉన్నాడు. నాన్న గుమ్మంలో నిలబడి, నా పుస్తకాల కేసి చూస్తూ అన్నాడు: "సోమవారం ఆఫీసులో పనుంది. నువ్వూ రావాలి. మాట్లాడటానిక్కూడా."

"దేని గురించి మాట్లాడాలి?"

"అక్కడ చెప్తారు."

"నువ్వు చెప్పు నాన్నా."

"వెళ్లిపోతున్నాం" అన్నాడు. "అందరం."

నేను ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. నేను నటించానని ఆయనకు తెలిసిపోయింది.

జూన్ 25, సోమవారం

మొత్తం రాయాలి. వరసగా రాయాలి.

ఆఫీసరమ్మకు ముప్పై ఉంటాయేమో. కిటికీలో రెండు పూలకుండీలు. మర్యాదగానే ఉంది. నాన్న టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అమ్మ సంచిని పసిపిల్లలా ఒళ్లో పట్టుకుంది. నన్ను వాళ్లిద్దరి మధ్య కూర్చోబెట్టారు, ఎప్పటిలాగే.

"చకిర్ గారూ, సంతకాల ముందు ఒకటి మళ్లీ చెప్పాలి" అంది ఆమె. "వెళ్లాక మీలో ఎవరికీ ఇక్కడ ఉండే హక్కు ఉండదు. మీ పెద్దమ్మాయికి కూడా. ఇది మీకు తెలుసు కదా?"

చెప్పాను.

నాన్న నావైపు తిరిగాడు. "సరిగ్గా చెప్పమ్మాయ్. పిల్లకి కాదు, మాకు."

"పిల్లకి కూడా అంటోంది."

"మళ్లీ అడుగు."

అడిగాను. ఆమె మళ్లీ అదే చెప్పింది, ఈసారి నెమ్మదిగా. నెమ్మదిగా చెబితే నాన్నకు జర్మన్ అర్థమవుతుందన్నట్టు.

"అక్టోబరు దాటాక చదువుకోడానికి నువ్వు తిరిగి రావచ్చన్నాడే రిఫత్" అన్నాడు నాన్న. "ఓ నెల రోజుల పనేనన్నాడు. అందుకే కదా నేను..."

అదీ సంగతి. నేను అది కూడా అనువదించాను. ఆఫీసరమ్మ తల అడ్డంగా ఊపింది. "అలా మీకు ఎవరు చెప్పారు?"

ఆ ప్రశ్నను నాన్నకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం?

నాన్న నిజంగానే నమ్మాడా, నా ముందు నమ్మినట్టు మాట్లాడుతున్నాడా? అబద్ధమాడితే ఆయన చెవులు ఎర్రబడతాయి. చూశాను. ఎర్రబడలేదు. కానీ ఉపవాసంలో ఎవరి చెవులూ ఎర్రబడవు.

ఆఫీసరమ్మ ఈసారి నన్నే చూసింది. "మీరు మీ ఇష్టంతోనే వెళ్తున్నారా?"

ఇన్నేళ్లలో ఏ ఆఫీసులోనూ నాకు ప్రశ్న రాలేదు. ఎప్పుడూ నా గుండా పోయే ప్రశ్నలే.

"ఏమంటోంది?" అన్నాడు నాన్న.

"నాకు ఇష్టమేనా అంటోంది."

"ఇష్టమేనని చెప్పు" అంది అమ్మ, సంచి వైపు చూస్తూ.

నేను నాన్నను అడిగాను: "నాన్నా, ఇల్యాస్ బాబాయి ఏ ఏడు పోయాడు?"

అమ్మ తలెత్తింది. ఎందుకు అడిగానో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. నాన్నకు కూడా తెలిసిందనే అనుకుంటున్నాను. నా పుట్టుక గురించి అడిగి ఉంటే కాగితంలో ఉన్నదే చెప్పేవాడు, అందులో అనుమానం లేదు. అరవై ఆరు అనేస్తే సరిపోయేది. నేను అడిగింది తమ్ముడి గురించి.

టోపీని ఒకసారి తిప్పాడు.

"అరవై నాలుగు" అన్నాడు. "ఫిబ్రవరి. మోకాలి లోతు మంచు. గొయ్యి తవ్వడానికి నేల ముందు మంట పెట్టి కాల్చాల్సొచ్చింది."

"ఏమన్నారు?" అంది ఆఫీసరమ్మ.

"నాకు ఇరవై ఏళ్లని అన్నారు."

మాటకు మాట కాదది. అయినా నేను చేసిన అనువాదాల్లో అంత కచ్చితమైనది ఇంకోటి లేదు.

ఆమె నా పాస్‌పోర్టు మళ్లీ తెరిచి చూసింది. ఇలాంటివి రోజూ వింటానంది. నిజంగా ఇరవై అయితే నేనుండిపోయినా వాళ్లకు డబ్బు ఆగదట. కానీ ఆమె ముందున్నది పాస్‌పోర్టు. దాన్ని సరిదిద్దాలంటే మా దేశపు కోర్టే చేయాలి. అది శుక్రవారంలోగా అయ్యే పని కాదు. శుక్రవారం మధ్యాహ్నానికి నా సంతకం ఉంటే అందరం వెళ్తాం. లేకపోతే దరఖాస్తు అక్కడితో సరి.

ఇదంతా వాళ్లకు చెప్పాను. ఒక్క మాట మింగలేదు.

ట్రాములో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. దిగేటప్పుడు అలవాటు కొద్దీ నా చెయ్యి పట్టుకున్నాడు, రోడ్డు దాటించడానికి. దాటాక వదిలేశాడు.

జూన్ 26

ఫోల్కర్ వాళ్ల ఊరెళ్లాడు. అతని గురించి రాయాల్సిందేమీ లేదు. నిజంగానే లేదు.

జూన్ 27

అమ్మ బడిలో నేలలు తుడిచే పని ముగించుకుని వచ్చింది. చెప్పులు విప్పకుండానే నా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది.

"నీ వయసెంతో నాకు తెలీదా? నిన్ను కన్నది నేను, కాగితం కాదు."

"మరి అక్కడ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఈ దేశంలో నన్ను ఎవరైనా ఏదైనా అడిగారా ఎప్పుడైనా? అన్నిటికీ నువ్వే చెప్పావు. నా కడుపులో ఏముందో కూడా నువ్వే చెప్పావు, నేను నీ నోటి వంక చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నేను చెప్తున్నాను, విను. నాకు వెళ్లాలనుంది. మీ నాన్నకి కాదు, నాకు. మొదట అన్నది నేనే. నేను వంగి తుడవక్కర్లేని నేల ఒకటి కావాలి నాకు. ఆ గోడల మీద కప్పు పడాలి."

నెలల తరబడి నేను నాన్న మీద నిఘా పెట్టాను. అమ్మ మీద పెట్టాలన్న ఆలోచనే రాలేదు.

"డబ్బు లేకుండా వెళ్లొచ్చు కదమ్మా."

"ఉత్త చేతుల్తోనా? వీధి వీధంతా డబ్బు తీసుకుని వెళ్తుంటే, నేను ఉత్త చేతుల్తోనా?" అప్పుడు చెప్పులు విప్పింది. "సంతకం పెట్టు నెబహత్. అక్కడా యూనివర్సిటీలున్నాయి."

"అక్కడ నేను మాట్లాడితే నవ్వుతారు."

"నవ్వనీ. నన్ను చూసి పదమూడేళ్లు నవ్వారు, చచ్చానా?"

ఆమె విప్పిన చెప్పులు తీసి గుమ్మం బయట పెట్టాను.

సాయంత్రం నాన్న పెరట్లో నల్ల క్యాబేజీకి నీళ్లు పెడుతూ పిలిచాడు. "నువ్వెటు చెబితే అటే" అన్నాడు. నా అంతట నేనే మెత్తబడాలనే ఇంత మెత్తగా మాట్లాడాడా? ఏమో. ఎదుటివాళ్ల ప్రతి మాటనూ తిరగేసి అడుగున ఏముందో చూడటం నాకు అలవాటైపోయింది. తొమ్మిదేళ్ల వయసు నుంచీ నాకు వీళ్లిచ్చిన పని అదే కదా.

జూన్ 28, గురువారం

రేపు మధ్యాహ్నంతో గడువు అయిపోతుంది. ఎల్లుండి ఈద్. అమ్మ పొద్దున్నుంచీ బక్లావా మిఠాయికి పిండి పలచగా ఒత్తుతోంది. గ్లాసుల పెట్టె గుమ్మం పక్కన ఉంది. బీరువా మీదికి ఎక్కలేదు, తాడూ కట్టలేదు.

ఫిదాన్ వచ్చి జర్మన్‌లో గుసగుసగా అడిగింది: "అక్కా, నా వేసవి బట్టలు సర్దుకోనా వద్దా?"

"వద్దు."

దాని మొహం వాడిపోయింది. వెళ్లి అమ్మ దగ్గర పిండి చేతికి రాసుకుని కూర్చుంది. అమ్మ నా గది వైపు చూసింది. గుమ్మం తెరిచే ఉంది. ఇవాళ తలుపేసుకోలేదు.

నేను సంతకం పెట్టకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. దెవ్రెక్‌లో గోడలు గోడలుగానే ఉంటాయి. అమ్మ సోమవారం మళ్లీ బడికి బకెట్ తీసుకుని వెళ్తుంది. నాన్న నన్ను ఏమీ అనడు, అది ఇంకా కష్టం. కుర్రాడి కోసమే చేశానని వీధంతా అనుకుంటుంది. అనుకోనీ.

రేపు ఆఫీసుకు ముగ్గురం వెళ్తాం. ముందు అమ్మకూ నాన్నకూ మన భాషలో చెబుతాను, తర్వాత ఆఫీసరమ్మకు ఆమె భాషలో.

నేను సంతకం పెట్టను. ఇక్కడే ఉంటాను.